గ్యాసాయన

"అమ్మా, గ్యాస్‌వాడొచ్చాడు!"

గుమ్మం దగ్గర్నుంచి మా ఆరేళ్లవాడి కేక. ఆయన అప్పుడే భుజం మీంచి సిలిండర్ దించుతున్నాడు. మూడో అంతస్తు, లిఫ్ట్ పాడై నాలుగు రోజులు. లోపలి గ్యాసే 14.2 కిలోలు, బండతో కలిపితే 30 దాకా ఉంటుంది. మనిషి మా నాన్న కంటే ఓ నాలుగైదేళ్లు చిన్న, అంతే.

నాకు తల కొట్టేసినట్టయింది. "అలా అనకూడదు నాన్నా, గ్యాస్ అంకుల్ వచ్చారు అనాలి" అన్నాను, కాస్త గట్టిగా. నిజం చెప్పాలంటే అది సగం ఆయనకి వినపడాలనే.

వాడు అమాయకంగా, "నిన్న నువ్వే అన్నావుగా నాన్నతో, గ్యాస్‌వాడు ఇంకా రాలేదని!"

ఆయన నవ్వేశాడు. "పర్లేదమ్మా, చిన్నపిల్లాడు" అంటూ సీలు చూపించాడు. ఆ నవ్వుకి ఇంకా సిగ్గేసింది.

ప్లీజ్, సారీ, థాంక్యూ అన్నీ నేర్పాం వాడికి. చుట్టాలొస్తే నమస్తే కూడా పెడతాడు. కానీ మన భాషలో మర్యాద విడిగా ఓ మాటలో ఉండదు కదా. ఇవ్వు, ఇవ్వండి. వాడు, ఆయన. అంతా మాట చివర్లోనే దాక్కుని ఉంటుంది. ఎవరికి ఏది వాడాలో వాడికి నేనెప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు. అయినా వచ్చేసింది.

సాయంత్రం అక్కతో ఫోన్లో "మా పాలవా..." దాకా వచ్చి ఆగాను.

బొమ్మలేసుకుంటున్నవాడు తలెత్తి చూశాడు.