చివరి అక్షరం ఆడవాళ్లకేనా?

ఈరోజంతా ఒక అమెరికన్ కుటుంబ చరిత్ర పుస్తకం కాపీ ఎడిటింగుతోనే సరిపోయింది. పొద్దున్నే బంగారు రంగు జుట్టును చెప్పే 'బ్లాండ్' (blond) అనే ఇంగ్లీషు మాట దగ్గర చిక్కుకున్నాను. తాతగారి జుట్టుకు చివర 'ఈ' (e) అక్షరం లేదు, ఆయన చెల్లెలి జుట్టుకు ఉంది. ఇంకో అధ్యాయంలో అన్నదమ్ములకూ 'ఈ' పెట్టేశారు. జుట్టు రంగు ఎవరిదైనా సరే, 'ఈ' లేకుండానే రాయమంటుంది స్టైల్ షీట్, అంటే ఈ పుస్తకానికి పాటించాల్సిన రాత నియమాల పట్టిక. ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే క్షణంలో అయిపోయేది కానీ, మధ్యలో పాత ఉత్తరాలున్నాయి, వాటిని ముట్టుకోకూడదు. ఒక్కొక్కటే చూసి మార్చాను.

ఇంగ్లీషు నామవాచకాల్లో వ్యాకరణ లింగం మధ్యయుగాల్లోనే పోయింది. ఆ గుర్తు మిగిలిందల్లా ఎక్కువగా ఫ్రెంచి, లాటిన్ అరువు మాటల్లోనే. 'ఫియాన్సే'నే తీసుకుంటే, పెళ్లి కుదిరిన అబ్బాయికి చివర ఒక 'ఈ', అమ్మాయికి రెండు. పలికితే తేడా తెలియదు, రాస్తేనే తెలుస్తుంది. అమెరికా పౌరులు కాబోయే భర్తనో భార్యనో రప్పించుకోవడానికి వేసే ఐ-129ఎఫ్ ఫారం పేరులో ఆ రెండో 'ఈ'ని బ్రాకెట్లో పెట్టారు, ఇద్దరికీ సరిపోయేలా.

నాకు బాధనిపించేది, ఈ మాటల్లో అదనపు అక్షరం ఎప్పుడూ ఆడవాళ్లకే తగిలించడం. లాటిన్ పద్ధతి ఇంకా అన్యాయం. పూర్వ విద్యార్థినులంతా కలిస్తే 'అలమ్నీ', వాళ్లలో ఒక్క మగవాడు చేరినా 'అలమ్నై'. ఇక ఒక మనిషిని పట్టుకుని 'ఎ బ్లాండ్' అనడం ఎక్కువగా ఆడవాళ్ల విషయంలోనే చూస్తాం. ఆ వాడుక పూర్తిగా పోవాలని నా కోరిక.

'నే' (née) సంగతి మాత్రం వేరు. ఆడవాళ్ల పేరు పక్కన, పుట్టింటి పేరుకు ముందు వచ్చే ఈ మాటకూ రెండో 'ఈ' ఉంది. స్టైల్ షీట్ దీన్ని తీసేసి 'బార్న్' (born) అని రాయమంది, రాశాను. అక్షరం పోయినా నష్టం లేదు, వెనకున్న ఇంటిపేరు పోకూడదు. వంశవృక్షంలో అదే పోయింది. కొడుకులందరికీ పూర్తి పేర్లున్నాయి, ఇద్దరు కోడళ్లకు మాత్రం భర్త ఇంటిపేరు తప్ప ఇంకేమీ లేదు. మన ఇళ్లలోనూ ముత్తవ్వల పుట్టింటి పేరు అడిగితే చెప్పగలిగేవాళ్లు ఎందరుంటారు?

సాయంత్రం ఫైలు పంపేముందు రచయితకు క్వెరీ పెట్టాను: వీళ్ల పెళ్లి రికార్డులు దొరుకుతాయా, దొరికితే పుట్టింటి పేర్లు చేర్చగలరా, ఇండెక్సులో ఆ పేర్లకు విడిగా ఎంట్రీలు ఇద్దామా అని.