ఒకటే డబ్బా దాణాతో నడవదు: మిక్స్‌డ్ ట్యాంకు మేతతో నా అనుభవం

మిక్స్‌డ్ ట్యాంకులో, అంటే రకరకాల చేపలు కలిపి పెంచే అద్దాల తొట్టిలో, అన్ని చేపలకూ మేత అందేటట్టు ఇప్పటికి కుదిరింది, అందుకే రాస్తున్న. మూడడుగుల ట్యాంకు, మా నల్లగొండ బోరు నీళ్లే. గప్పీలు, మోలీలు, నియాన్ టెట్రాలు, రెండు ఏంజెల్స్, ఆరు కోరీలు (అడుగున తిరిగే మీసాల చిన్న చేపలు), ఒక సక్కర్ (నోటితో అతుక్కునే అడుగు చేప). పైన తిరిగేటియి, నడుమ తిరిగేటియి సులువుగనే దారికొచ్చినయి. అడుగున ఉండేటియే నా తల తిన్నయి.

సులువైంది ముందు చెప్త. గప్పీ, మోలీల నోరు పైకి తిరిగి ఉంటది, తేలే ఫ్లేక్స్ (పల్చటి రేకుల దాణా) చాలు. మోలీకి మాత్రం ఆకు మేత ఎక్కువ కావాలె: స్పైరులినా (ఒక రకం నీటి పాచి) ఫ్లేక్స్, లేదంటే ఉడికించి పొట్టు తీసి నలిపిన పచ్చిబఠానీ. నియాన్ నోరు చిన్నది. ఫ్లేక్స్‌ను వేళ్లతో పొడి చేసి, ఫిల్టర్ నీళ్లు పడే చోట చల్లితే ధారతో పాటే నడుముకు దిగుతది. ఏంజెల్స్‌కు గింజలు ముందుగాల ఒక మూలకు వేయాలె, అవి అక్కడ పడ్డప్పుడే రెండో మూలకు నియాన్లకు వేయాలె. (ఏంజెల్ పెద్దదైతే నియాన్‌నే మింగుతది. ఆ జోడీ అమ్మేటోళ్లు ఆ ముచ్చట చెప్పరు.) రోజుకు రెండు పూటలు, రెండు మూడు నిమిషాల్లో ఐపోయేంత. వారానికి ఒక రోజు ఉపవాసం.

ఇగ కోరీలు. కొన్న దుకాణంలో దాణా అడిగితే, "కింద చేపలకు వేరే దాణా ఎందుకన్నా, పైవాటికి వేసింది రాలుతది, అదే తింటయి. సక్కర్ అయితే గలీజంతా సాఫ్ చేస్తది" అన్నడు. రంగురంగుల గింజల పొట్లం ఒకటి చేతిలో పెట్టిండు, డబ్బా లేదు, తారీఖు లేదు. తెరిచిపెట్టిన దాణాలో విటమిన్లు ఎన్ని రోజులుంటయో ఆయనకు పట్టదు. ఆ గింజలు తేలేటియి. మోలీలు, గప్పీలు ఉన్న ట్యాంకులో తేలే గింజ అడుగుదాకా రావుడే కష్టం. వచ్చింది కూడా గులకరాళ్ల సందులోకి పోయి మురుగుతది. పైన చేపలు బలిసినయి, కోరీల పొట్టలు లోపలికి పోయినయి. కోరీని అద్దానికి ఎదురుగా వచ్చినప్పుడు ముందు నుంచి చూడాలె: పొట్ట గుండ్రంగా ఉంటే తింటున్నట్టు, చదునుగానో లోతుగానో ఉంటే పస్తులున్నట్టు. పక్క నుంచి చూస్తే తెలువదు.

మన దగ్గర చెరువుల చేపలు పెంచేటోళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. బొచ్చె పైన, రవ్వ నడుమ, మ్రిగాల అడుగున మేస్తదని తెలిసే మూడూ కలిపి వదులుతరు. అద్దాల డబ్బా అమ్మేటోడికి మాత్రం అది తెలువదు.

మునిగే బిళ్లలు తెచ్చినంక కూడా తిప్పలు తప్పలే. బిళ్ల మెత్తబడేసరికి కొంత సేపు పడతది, ఆలోపే మోలీలు గుంపుగా చుట్టుకుంటయి, ఏంజెల్స్ గుంజుకపోతయి. కోరీలు మీసాలతో తడుముకుంటూ వచ్చేసరికి పొడి కూడా మిగలదు. చివరికి కుదిరిన వరుస ఇది. సాయంత్రం పైవాటికి కడుపు నిండా వేయాలె. లైటు ఆర్పి అరగంట ఆగాలె, గదిలో మసక వెలుతురు ఉన్నా ఫరవాలేదు. అప్పుడు ఒక బిళ్లను రెండు ముక్కలు చేసి, ఒకదానికొకటి దూరంగా రెండు మూలల్లో వేయాలె. ఆరు కోరీలకు అది సరిపోతది. ముక్క గులకలో దిగకుండ అడుగున మూలకొకటి కొత్త మట్టి ప్రమిద పెట్టిన, నూనె తగలనిది. తెల్లారి వాటిల్ల ఏమన్నా మిగిలితే కనపడతది, తీసేయొచ్చు, మర్నాడు తగ్గించొచ్చు. గులక పదునుగా ఉంటే కోరీల మీసాలు అరిగిపోతయి, సన్న ఇసుకే మేలు. కోరీలకు మాంసకృత్తులు కావాలె, పాచి బిళ్లలతోనే సరిపెట్టొద్దు. వారానికి ఒకటి రెండు సార్లు ఎండబెట్టిన ట్యూబిఫెక్స్ (సన్నటి ఎర్ర పురుగులు) వేస్తే మంచిది. మురికి కాలువలల్ల పట్టిన బతికున్న పురుగులు మాత్రం వద్దు, రోగాలు వస్తయి.

సక్కర్ గలీజు తినదు, పైగా ట్యాంకులో ఎక్కువ గలీజు చేసేది అదే. రాత్రి పూట పాచి బిళ్ల, లేదంటే కీరా చక్రం వేయాలె. కీరా తేలుతది కాబట్టి స్టీలు చెంచాకు గుచ్చి ముంచాలె, పొద్దున్నే తీసేయాలె. ఆకలికి ఆగలేకపోతే ఏంజెల్ ఒంటికి అతుక్కొని జిగురు నాకుతది, ఆ చోట పుండు పడతది. అడుగు దాటి పెరిగే చేపను రెండు అంగుళాలప్పుడు "క్లీనర్" అని అంటగడుతరు, ఈ దందా ఎప్పుడు ఆగుతదో.

మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా వస్తది. మా బోరు నీళ్ల పీహెచ్ (నీళ్ల ఆమ్లం, క్షారం చెప్పే కొలత) 8 దగ్గర ఉంటది, కష్టం అక్కడనే. పీహెచ్ 7 నుంచి 8కి పోతే అమ్మోనియాలో విషంగా మారే వంతు దాదాపు పది రెట్లయితది, వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. పీహెచ్ తక్కువున్న నీళ్ల ఊర్లో చెల్లిన పిడికెడు దాణా మన దగ్గర చేపల్ని పైకి తేలుస్తది. ఎండాకాలం నీళ్లల్ల ప్రాణవాయువు కూడా తగ్గుతది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు మించి కరిగేది 32 దగ్గర 7 చిల్లరకు దిగుతది. అందుకే మే నెలలో మధ్యాహ్నం మేత బంద్, పొద్దటి పూటది చల్లగ ఉన్నప్పుడే. కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే అది వచ్చేదాకా ఏమీ వేయొద్దు.

ఇంటికొచ్చినోళ్లు మరమరాలు, బిస్కెట్లు వేస్తరు, పెద్దోళ్లు తవుడు, పల్లిచెక్క వేయమంటరు. అవి చెరువుకు సరే, ట్యాంకు నీళ్లు తెల్లగ పాలలెక్క అయితయి. ఊరికి పోయినప్పుడు రెండు మూడు రోజులు మేత లేకున్నా ఎదిగిన చేపలకు ఏం కాదు. అంతకు మించితే ఒక్కో పూటకు ఒక్కో కాగితం పొట్లం కట్టి, మీద తారీఖు రాసి పక్కింటోళ్లకు ఇస్త. డబ్బా మాత్రం బీరువాల పెట్టి తాళం వేసి పోత.