ఫ్యాన్ ఆపేసిన ఆదివారం

ఆదివారం, కర్నూలు.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ముందుగదిలో గోడలకు నాలుగు బొంతలు వేలాడుతున్నాయి. వారానికొకసారి అది మా క్రైమ్ పాడ్‌కాస్టుకి రికార్డింగ్ గది. ఈసారి ఎపిసోడ్ ఒక మ్యాన్ మిస్సింగ్ కేసు, 2017 నాటిది. ఊరూ పేరూ ఇక్కడ రాయను. ఇంటివాళ్ళు ఒప్పుకున్నది ఎపిసోడ్‌కి, డైరీకి కాదు.

స్క్రిప్టు మొదటి ప్రతిలో ‘ఎవరు చేసుంటారు’ అన్నదానికి 11 నిమిషాలు పోయాయి. మనిషి ఎట్లుంటాడో చెప్పడానికి 40 సెకన్లు. క్రైమ్ పాడ్‌కాస్టుల్లో సగానికి ఇదే జబ్బు. అనుమానితుడి గురించి విన్నవాళ్ళు వాట్సాప్‌లో ఇంకో నలుగురికి చెప్పడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. గుర్తులు సరిగా విన్నవాళ్ళకైతే ఎప్పుడో కాలువగట్టున చూసిన ఒక చొక్కా గుర్తుకు రావచ్చు.

పది గంటలకు మామ వచ్చాడు. పోలీసు స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్‌గా చేసి రిటైరైన మనిషి. స్క్రిప్టులో తప్పులు ఏరడం ఆయన పని, కూలి రెండు టీలు. మొదటి పేజీ చదివి, “ఆ రెండు కాగితాలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవప్పా. అది రాయి ముందు” అన్నాడు.

మనిషి పోయిన ఊరి స్టేషన్‌లో మిస్సింగ్ ఎఫ్ఐఆర్, అది ఒక కాగితం. శవం దొరికిన చోట, వేరే స్టేషన్‌లో, ‘గుర్తు తెలియని మృతదేహం’ అని కట్టిన కేసు రెండోది. 2024 జూలై 1కి ముందు దాన్ని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 174 కింద కట్టేవాళ్ళు, ఇప్పుడు దాని బదులు వచ్చిన చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194. కేసీ (కర్నూలు-కడప) కాలువ సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు పోతుంది. ఆ పొడుగునా ఇదివరకు రెండు జిల్లాల పోలీసులు ఉండేవాళ్ళు, 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా వచ్చాక మూడు జిల్లాల వాళ్ళయ్యారు. కర్నూలు దగ్గర నీళ్ళలో పడిన మనిషి ఏ లాకుల దగ్గరో తేలితే, శవ పంచనామా రాసేది ఇంకో జిల్లా. పట్టాల మీద దొరికితే అది రైల్వే పోలీసుల లెక్క. మన ఎండలకు నీళ్ళలోని శవం ఒక రోజుకే తేలుతుంది, చలికాలమైతే రెండు మూడు రోజులు. ఆ లోపల ఎంత దూరం పోయిందన్నది కాలువకు నీళ్ళు వదిలారా, కట్టేశారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏ రోజు ఎంత వదిలారో ఇరిగేషన్ వాళ్ళ దగ్గర రాసుంటుంది. ఎవరి మీద అనుమానం అనేదానికంటే ఆ ప్రశ్న ముందు రావాలి. స్క్రిప్టులో అసలు లేనే లేదు, చేర్చాము.

ఇక గుర్తులు. ఎఫ్ఐఆర్‌లో ఉన్నది ఇంతే: చామనఛాయ, 5 అడుగుల 6 అంగుళాలు, నీలం చొక్కా, లుంగీ. కొత్త బస్టాండులో నిలబడితే నిమిషానికి పది మంది కనబడతారు ఇట్లాంటివాళ్ళు. మధ్యాహ్నం దాకా ఫోనులో ఇంటివాళ్ళ దగ్గర ఒక్కో వస్తువూ రాబట్టడమే సరిపోయింది. చొక్కా కొన్నదా, కుట్టించిందా? కుట్టించినదైతే కాలర్ లోపల టైలర్ పట్టీ ఉంటుంది, దాని మీద షాపు పేరూ ఊరూ. బట్టలు బయట ఉతకడానికి వేసే ఇల్లైతే పంచె మూలన నల్లజీడి రసంతో పెట్టిన చాకలి గుర్తు: రెండు చుక్కలో, ఒక గీతో. ఎన్ని ఉతుకులైనా పోదు, అది ఏ ఇంటి బట్టో పెట్టినవాళ్ళకే తెలుసు. బనియన్ సైజు 85నా, 90నా. చెప్పుల నంబరు. మొలతాడు నలుపా ఎరుపా, తాయెత్తు ఉందా. పచ్చబొట్టు ఏ చేతికి, తెలుగు అక్షరాలా ఇంగ్లీషువా. ఎప్పుడైనా ఎముక విరిగి ప్లేటు వేశారా? వేసుంటే దాని మీద కంపెనీ గుర్తూ నంబరూ చెక్కి ఉంటాయి, ఆపరేషన్ చేసిన ఆస్పత్రి రికార్డుతో సరిచూడొచ్చు.

ఫోటో అడిగితే అందరూ ఆధార్‌దే పంపుతారు. పనికిరాదు. నవ్వుతున్న ఫోటో కావాలి, పళ్ళు కనబడాలి. పుర్రె మాత్రమే మిగిలినా ముందుపళ్ళ సందు, వంకర, విరిగిన కొస మిగులుతాయి. అనంతపురం, కడప వైపు కొన్ని పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళకు పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి. దాంతో మనిషి ఎవరో తేలదు గానీ ఏ వైపు మనిషో అందుతుంది.

బట్టల పట్టీల దగ్గర సోమర్టన్ మనిషి ముచ్చట ఒక నిమిషం పెట్టాము. 1948 డిసెంబరు 1న ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గరి సముద్రపొడ్డున దొరికిన శవం. బట్టల లేబుళ్ళు తీసేసి ఉన్నాయి. సూట్‌కేసులోని ఒక టై మీద ‘టి. కీన్’ అన్న పేరు, ఒక ప్యాంటులో డ్రైక్లీనింగ్ నంబర్లు మాత్రం మిగిలాయి. వాటితో ఎక్కడికీ పోలేకపోయారు. పోలీసులు అప్పట్లో మొహానికి తీసిన ప్లాస్టర్ అచ్చులో ఇరుక్కున్న వెంట్రుకల డీఎన్‌ఏతో, 2022లో డెరెక్ అబాట్ అనే ప్రొఫెసర్ అతను మెల్‌బోర్న్ మనిషి కార్ల్ వెబ్ అని చెప్పగలిగాడు.

మన దగ్గర ఆ అచ్చు తీసే తీరిక ఎక్కడిది. గుర్తు తెలియని శవాన్ని సాధారణంగా 72 గంటలు ఉంచి సాగనంపుతారు. ఆలోపు ఫోటోలు, వేలిముద్రలు, డీఎన్‌ఏకి ఒక దవడపన్నో తొడ ఎముక ముక్కో తీసి పెట్టాలి. దాన్ని కణజాలం కుళ్ళకుండా వాడే ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ చెడిపోతుంది. విషపరీక్షకు పంపే విసెరా (కడుపు, కాలేయం లాంటి లోపలి భాగాలు) కూడా ఫార్మలిన్‌లో వేయరు, ఉప్పు ఇక కరగనంత కలిపిన నీళ్ళలో పంపుతారు. స్క్రిప్టులో ఈ రెండూ కలిసిపోయాయి, మామ ఎర్రపెన్నుతో కొట్టేశాడు. శవాన్ని పూడ్చారా కాల్చారా అన్నది కూడా అడగాలి. పూడ్చినదైతే దారి ఇంకా మూసుకుపోలేదు.

ఫోన్ రికార్డుల ఆశ ఈ కేసులో లేదు. కంపెనీలు కాల్ డేటా కనీసం రెండేళ్ళు ఉంచాలన్న షరతు 2021 డిసెంబరులో వచ్చింది, 2017లో ఒక ఏడాదే. షాపుల సీసీ కెమెరాలైతే నెల లోపలే పాతదాని మీద కొత్తది రాసుకుంటాయి. అందుకే ‘24 గంటలు ఆగి రండి’ అన్న మాట ఎవరన్నా నమ్మొద్దని ఎపిసోడ్‌లో రెండుసార్లు చెప్పాము. అట్లాంటి రూలు ఏ చట్టంలోనూ లేదు. పిల్లలు తప్పిపోతే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013 మేలోనే సుప్రీంకోర్టు చెప్పింది.

భోజనమయ్యాక లీగల్ పేజీలు. ఇక్కడ తెలుగుతోనే ఒక చిక్కు. ‘చంపేశాడు’ పక్కన ‘అట’ చేరిస్తే నేరం మన మీద పడదని చాలామందికి ధీమా. ‘చంపేశాడట’ అన్నా పరువునష్టమే, ఇప్పటి శిక్షల చట్టం బీఎన్‌ఎస్ 356 ‘అట’ను చూసి వదలదు. మా పద్ధతి: కాగితంలో ఉన్నది ‘అని ఎఫ్ఐఆర్‌లో ఉంది’ అంటాము, మనిషి చెప్పింది ‘అని ఫలానావాళ్ళు చెప్పారు’ అంటాము, రెండూ కానిది తీసేస్తాము. పేరు వచ్చే ప్రతి మనిషికీ ప్రశ్నలు రాతలో పంపి వారం గడువు ఇస్తాము. లైంగిక నేరం ఉన్న కేసైతే బాధితురాలి పేరు, ఊరు, ఫోటో ఏదీ చెప్పకూడదు. మనిషి చనిపోయినా అంతే, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే చాలదు. 2018లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది.

సాక్షుల సంగతి ఇంకా సున్నితం. ఆస్ట్రేలియాలోనే లినెట్ డాసన్ అనే ఆవిడ 1982 జనవరిలో మాయమైంది. 2018లో ‘ది టీచర్స్ పెట్’ పాడ్‌కాస్టు వచ్చింది, ఆ ఏడాది డిసెంబరులోనే భర్త అరెస్టయ్యాడు, 2022లో శిక్ష పడింది. జనం గొప్పగా చెప్పుకునేది ఇంతవరకే. పాడ్‌కాస్టు విని సాక్షుల జ్ఞాపకాలు కలగలిసిపోయాయని డిఫెన్సు వాదించింది, విచారణను జ్యూరీ లేకుండా ఒక్క జడ్జే విన్నాడు. కాబట్టి ఒకరి రికార్డింగు ఇంకొకరికి వినిపించకూడదు. ఇద్దరిని ఒక గదిలో కూర్చోబెట్టకూడదు. కాలిఫోర్నియాలో క్రిస్టిన్ స్మార్ట్ కేసు మీద క్రిస్ లాంబర్ట్ చేసిన పాడ్‌కాస్టు మేలు చేసింది మాట్లాడని సాక్షులు బయటికి రావడం వల్ల. 1996లో పోయిన పిల్ల. 2022లో దోషి తేలాడు.

కాగితాల వేట గురించి రెండు ముక్కలు. 2017లో కర్నూలు జిల్లాలో ఉన్న స్టేషన్ ఇప్పుడు నంద్యాలలో ఉంటే, ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు అక్కడి అధికారికే వేయాలి. పొరపాటున ఇక్కడ వేస్తే 5 రోజుల్లో అటు పంపాలని చట్టంలో ఉంది, నమ్ముకోవద్దు. జిల్లా ఆఫీసులో ఫీజు 10 రూపాయలు. దర్యాప్తు నడుస్తోందంటే సెక్షన్ 8(1)(హెచ్) చూపించి తిరగ్గొడతారు, అప్పుడు ఫైలు కాకుండా తేదీలు మాత్రం అడగాలి: చివరి ఎంట్రీ ఏ రోజు, ఏ జిల్లాలకు మెసేజ్ పంపారు. ఇవి ఇస్తే దర్యాప్తుకు అడ్డం వస్తుందనడం కష్టం.

ఇంటివాళ్ళు ఫోనులో అడిగింది వేరే. ఏడేళ్ళు దాటింది కదా, పాలసీ డబ్బు వస్తుందా అని. ఏడేళ్ళు ఎవరికీ జాడ లేకపోతే చనిపోయినట్టు కోర్టు అనుకోవచ్చు, ఏ రోజు చనిపోయాడో మాత్రం ఆ లెక్కలో రాదు. అందుకని ప్రీమియం ఆపేసిన పాలసీ ల్యాప్స్ అయిపోతుంది. 2004లో ఎల్ఐసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. ఆపకుండా కట్టాలని మొదటి ఏడాదే ఎవరూ చెప్పరు. ఇది ఎపిసోడ్ చివర కాకుండా మొదటి పది నిమిషాల్లోకి జరిపాము.

నాలుగింటికి రికార్డింగ్. ఫ్యాన్ బంద్, ఫ్రిజ్ బంద్, మైకు నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకు, ‘ప’లూ ‘భ’లూ కొట్టకుండా. మొదట ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్లు గది నిశ్శబ్దం ఒక్కటే. అతుకుల్లో ఇది పోయకపోతే కత్తిరించిన చోటల్లా చెవికి గుంత పడినట్టు తెలుస్తుంది. గుర్తుల భాగం కింద సంగీతం లేదు. రెండుసార్లు, నిదానంగా, రాసుకునేవాళ్ళకు చెప్పినట్టు చెప్పాము. 38 నిమిషాలకు చొక్కాలు పిండుకునేంత చెమట.

రాత్రి వింటుంటే 26వ నిమిషంలో దొరికింది: ‘ఆయనకు టీ అంటే ప్రాణంగా ఉండేది.’ జాడ తెలియని మనిషిని మనమే చంపేసినట్టు. ఇంటివాళ్ళు ఒక్కసారి కూడా ‘ఉండేవాడు’ అనలేదు. ‘టీ అంటే ప్రాణం’ అంటే చాలు, క్రియ లేని వాక్యానికి కాలం అంటదు. చివరి ముక్క కోసి చూస్తే ‘ప్రాణం’ దగ్గర గొంతు పైకి లేచి గాలిలో ఆగిపోతోంది. వాక్యం మొత్తం మళ్ళీ చెప్పాలి. పక్కింటి కూలర్ ఆగేసరికి 11 దాటుతుంది.