మా వీధి చివర గెడ్డ

మొన్న వాన వెలిశాక మా వీధి చివర గెడ్డలో, అంటే వాగులో, పూడిక తీస్తుంటే కాసేపు నిలబడి చూశాను. జేసీబీ పైకి తీసినదాంట్లో మట్టి కన్నా కవర్లే ఎక్కువ, పాల ప్యాకెట్లు, డైపర్లు, వాటి మధ్య ముడి కూడా ఊడని కవరొకటి, అది చిరిగితే లోపల కుళ్లిన బంతిపూలు, అగరబత్తి పుల్లలు. దేవుడి పూలు చెత్తలో వేయకూడదని మా ఇంట్లో కూడా ఏళ్ల తరబడి అచ్చం అలాగే ముడేసి గెడ్డలో వదిలేవాళ్లం. గుండె కలుక్కుమంది.

విశాఖలో కొండల మీంచి దిగే గెడ్డల నీళ్లు చివరికి చేరేది సముద్రానికే కదా. మనం ఇక్కడ పడేసిందే రేపు బీచ్‌లో కాళ్లకు తగులుతుంది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తనే "మొక్కల్లో వేద్దాంలేరా" అంది. ఇప్పుడు పూలు, కూరగాయ తొక్కలు, ఎండుటాకులు కలిపి మేడ మీద పాత బకెట్లో ఎరువు చేస్తున్నాం. మూకుడులో మిగిలిన నూనె సింకులో పోయట్లేదు, ఆ జిడ్డు పైపుకి పట్టేసి దానికి మెతుకులు అంటుకుని అడ్డుపడిపోతుంది, అందుకే పాత పేపరుతో తుడిచి చెత్తబుట్టలో వేస్తున్నాం. బండి కూడా రోడ్డు మీద సబ్బుతో కడగట్లేదు, వాననీటి కాలువలో పడిన సబ్బునీళ్లు ఎక్కడా శుద్ధి కాకుండా నేరుగా గెడ్డలో కలుస్తాయి.

పక్కింటి పిన్నిగారు నిన్న వాళ్ల పూలు కూడా తెచ్చి మా బకెట్లో వేశారు. ఇంకో బకెట్ కావాలి, ఎవరి దగ్గరైనా పాతది ఉంటే చెప్పండి.