పొద్దున నూనె, మధ్యాహ్నం మిషను

ఆరున్నరకి సత్యనారాయణపురంలో మొదటి ఇల్లు, ఎనిమిదికి రెండోది. పదిన్నరకల్లా మళ్ళీ కుట్టుమిషను ముందుంటాను. బాలింతలకి, పసిపిల్లలకి నూనె రాసి నీళ్ళు పోయడం నా సగం పూట పని. అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. ఏ ఏజెన్సీలోనూ లేను, ఒకరు చెబితే ఇంకొకరు పిలుస్తారు.

నువ్వుల నూనె గోరువెచ్చన చేసి ముందు నా మణికట్టు మీద వేసి చూసుకుంటాను. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పిల్లని వాటి మీద పడుకోబెట్టి, పాదాల నుంచి పైకి రాస్తాను. ఆకలి ఏడుపైతే ఆపేసి తల్లికి ఇచ్చేస్తా. అసలు గొడవ అమ్మమ్మలతోనే. ముక్కులో, చెవిలో నూనె చుక్క వేయమంటారు. ముక్కు లాగమంటారు. నేను చేయను. సాంబ్రాణి పొగ కూడా పట్టను. "మీ అత్త పట్టేది కదమ్మా!" అంటారు. పట్టేది, నిజమే.

సిజేరియన్ అయితే డాక్టర్ సరే అనేదాకా పొట్ట ముట్టుకోను. పోయినేడు ఒకమ్మాయికి ఒక్క కాలే వాచింది, పిక్క ముట్టుకుంటే వేడి. గట్టిగా రుద్దమని వాళ్ళమ్మ పట్టుబట్టింది. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, రుద్దినప్పుడు అది కదిలి ఊపిరితిత్తులకి చేరొచ్చు. ముందు ఆసుపత్రికి వెళ్ళమన్నాను. ఆ రోజు డబ్బులు రాలేదు, తిట్లు వచ్చాయి.

అప్పుడప్పుడు "మగవాళ్ళకీ చేస్తారా" అని ఫోన్లు. నంబరు బ్లాక్, అంతే.

ఇప్పుడు ఒకరింట్లో బాకీ ఉంది. బారసాల అవగానే ఇస్తామన్నారు. పిల్లాడికి మూడో నెల.