మొరసునాటి బండల మీద పాండవుల గుళ్ళు

సంక్రాంతి వెళ్ళినా చలి పూర్తిగా విడవని ఒక ఆదివారం తెల్లవారుజామున బెంగళూరు కృష్ణరాజపురంలోని మా ఇంటి నుంచి బయలుదేరి, అత్తిబెలె, హోసూరు దాటి, తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని మల్లచంద్రం కొండ కిందికి చేరేసరికి పొద్దు బారెడెక్కింది. నాతోపాటు మా బావ, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఉన్నారు. చూడవలసినవి బృహత్ శిలాయుగపు సమాధులు. అంటే ఇనుము వాడకం తెలిసిన మనుషులు, క్రీస్తు పూర్వం మొదటి సహస్రాబ్దిలోనూ అటూ ఇటూ, తమవారి ఎముకలనూ కుండలనూ దాచి పెద్ద పెద్ద రాతి పలకలతో మూసిన కట్టడాలు.

కొండ మొదట్లో మేకలు కాస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఆపాడు. తమిళంలో మొదలుపెట్టి, మా మాట వినగానే తెలుగులోకి దిగాడు. బెంగళూరు, కోలారు, హోసూరు చుట్టూ పరుచుకున్న ఈ మొరసునాడు అంతటా ఇదే వరస. రాష్ట్రాల సరిహద్దులు ఎక్కడ గీసినా ఈ పల్లెల్లో ఇంటి భాషగా తెలుగు నిలిచే ఉంది.

"నిధికి వచ్చినారా సారూ? ఎప్పుడో ఎత్తకపోయినారు, ఇంక ఏమీ లేదు."

"లేదు పెద్దాయనా, ఊరికే చూసి పోదామని వచ్చినాము," అన్నాడు బావ.

"రాళ్ళు చూసేదానికి బెంగళూరు నుంచా!"

ఆ ఆశ్చర్యం తీరాక ఆయనే దారి చూపాడు. దారిలో కథ కూడా చెప్పాడు. అవి పాండవులు అరణ్యవాసంలో తలదాచుకున్న గుళ్ళని కొందరంటారట. కాదు, ఒకప్పుడు ఇక్కడ జానెడు మనుషులుండేవారనీ, నిప్పుల వాన కురిసినప్పుడు రాళ్ళ కింద దూరినా బతకలేదనీ ఇంకొందరంటారట. జానెడు మనుషులు ఇంత పెద్ద బండలు ఎట్లా ఎత్తారని అమ్మాయి అడిగింది. "మనుషులే పొట్టి పాపా, బలం పొట్టి కాదు," అన్నాడాయన. తెలంగాణ పల్లెల్లో ఇలాంటివాటిని రాకాసిగుళ్ళంటారు, కన్నడనాట మోర్యర మనెలంటారు. ఎవరు ఏ పేరు పెట్టినా అది సమాధి పేరు కాలేదు. గుడి, గూడు, ఇల్లు, ఇంతే. ఇల్లనుకున్నారు కనుకనే చాలా ఊళ్ళలో వీటిని కూలగొట్టడానికి చేతులు వెనకాడాయని నాకనిపిస్తుంది.

పైకి చేరాక మొదట నేను సమాధులను చూడలేదు, కాళ్ళ కింది బండను చూశాను. ఈ విద్య నాకు ఆలస్యంగా అబ్బింది. అంతకు ముందు సావనదుర్గం పక్కకు రెండుసార్లు వెళ్ళి, అక్కడి శ్మశానవాటిక గురించి 1881లోనే బ్రాన్‌ఫిల్ అనే సర్వే అధికారి ఒక పత్రికలో విపులంగా రాశాడని తెలిసి కూడా, రాతి వలయాలకు ఫొటోలు తీసుకుని తిరిగి వచ్చేశాను. అంత బరువైన పలకలు ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్న నాకు తట్టలేదు. నిజానికి అవి ఎక్కడి నుంచో రాలేదు. మన గట్టురాయి ఎండకు కాగి, రాత్రికి చల్లబడి, ఉల్లిపాయ పొరల్లాగా పైపొరలను తనే వదులు చేసుకుంటుంది. ఆ పొర అంచున పుల్లలు పేర్చి నిప్పు పెట్టి, మంటను మెల్లగా ముందుకు జరుపుకుంటూ పోతే, అడుగున చీలిక పరుచుకుని పలక మొత్తంగా లేస్తుంది. బెంగళూరు దగ్గర రాళ్ళు కొట్టేవారు సరిగ్గా ఈ పద్ధతినే వాడుతుండగా చూసి, వార్త్ అనే ఆయన 1895లో వర్ణించాడు. సమాధులు కట్టినవారు కూడా అచ్చం ఇలాగే చేశారని ఎవరూ ప్రమాణం చేయలేరు గాని, ఒక్క మాట మాత్రం స్పష్టం: సాగుకు పనికిరాని బండనేల, పలకలు లేచే పొర, చచ్చినవారికి చోటు, ఈ మూడూ ఒకే కొండ మీద దొరికాయి. అందుకే వీటిని వెతికేవాడు గూడును కాదు, పొరలు లేచిన బండను వెతకాలి.

మల్లచంద్రంలో గూళ్ళు నేల మీదనే నిలిచి ఉన్నాయి. మూడు వైపులా మూడు పలకలు, నాలుగో వైపు గుండ్రటి రంధ్రం తొలిచిన పలక, పైన మూతబండ. కొన్నింటి చుట్టూ మళ్ళీ పలకలను వలయంగా పాతారు. ఒక గూటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ రంధ్రంలోకి చేయి పెట్టాను. భుజం దాకా సులువుగా పోయింది, తల దూర్చడానికి మాత్రం ధైర్యం చాలలేదు; అమ్మాయి తల దూర్చి, లోపల గబ్బిలాల కంపు కొడుతోందని చెప్పి బయటికి వచ్చింది. రంధ్రపు అంచు వేలికి నున్నగా తగలలేదు. గుండుతో మొత్తి మొత్తి తీసిన చిన్న చిన్న దెబ్బల గుర్తులు, మశూచి మచ్చల్లాగా, వలయమంతటా ఉన్నాయి. ఇంకో గూటి లోపలి పలక మీద తెల్లరంగు బొమ్మల ఆనవాళ్ళు కనిపించాయి. వాటిని గీసినవారు గూడు కట్టినవారేనా అన్నది వేరే చర్చ.

నేలలో పాతిన రాతిపెట్టెల పనితనం ఇంకా గొప్పది. నాలుగు పలకలనూ చదరంగా అంచుకు అంచు కలపరు. ప్రతి పలకా ఒక కొసన పక్కదాన్ని దాటి బయటికి పొడుచుకుని వచ్చేట్లు, పైనుంచి చూస్తే స్వస్తికంలాగా నిలుపుతారు. చుట్టూ మన్ను ఎంత నెట్టినా ఒక పలక ఇంకొక పలకను లోపలికి పడనివ్వదు. సున్నమూ లేదు, మేకూ లేదు. మా బావది రాయదుర్గం. అక్కడికి దగ్గరలోనే, కర్ణాటక వైపు మొలకాల్మూరు తాలూకాలో ఉన్న బ్రహ్మగిరిలో 1947లో పురాతత్వవేత్త మోర్టిమర్ వీలర్ తవ్వించింది ఇలాంటివాటినే. అశోకుడి శాసనం ఉన్న కొండ కూడా అదే. చిన్నప్పుడు ఎడ్లబండి మీద ఆ పక్కగా ఎన్నోసార్లు పోయాడట, బండి దిగి చూసింది ఒక్కసారీ లేదు. బెంగళూరువాళ్ళ మీద ఆయన వేసే ఎత్తిపొడుపులన్నీ ఆ రోజు కాసేపు ఆగిపోయాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. హోసకోట దగ్గరి జడిగేనహళ్ళిలో 1957లో మైసూరు విశ్వవిద్యాలయం తరఫున ఎం. శేషాద్రి సమాధులను తవ్వారని చదివి, కొన్నేళ్ళ కింద ఆ చుట్టుపక్కల పొలాల్లో తిరిగినప్పుడు, దున్నిన చాలులో దొరికిన ఒక కుండపెంకును జేబులో వేసుకుని వచ్చాను. లోపల నల్లన, బయట ఎర్రన. కుండను బోర్లించి కాల్చినప్పుడు లోపలికి గాలి ఆడక నలుపూ, బయట గాలి తగిలి ఎరుపూ వస్తాయి. ఆ కాలపు సమాధుల్లో ఎక్కువగా కనిపించే కుండలు ఇవే. ఏ పొలంలో, ఏ గట్టు పక్కన, ఎంత లోతులో దొరికిందన్న గుర్తు పోయాక పెంకుకు విలువ ఉండదన్న సంగతి నాకు తరువాత అర్థమైంది. ఇప్పుడది మా పుస్తకాల అరలో ఉంది. ఏ చాలులో దొరికిందో నాకే గుర్తులేదు కనుక, తిరిగి ఇచ్చేందుకు కూడా తావులేదు.

అదే జిల్లాలో బర్గూరు వైపు మయిలాడుంపారై ఉంది. అక్కడి తవ్వకాల్లో దొరికిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం శాసనసభలో ప్రకటించింది. ఈ సంగతి చెప్పినప్పుడు మేకల పెద్దాయన పెద్దగా పట్టించుకోలేదు. ఎదురుగా ఉన్న గుట్ట వైపు చేయి చూపించి, "ఆ పక్క గూళ్ళు మిషను తినేసింది," అన్నాడు. గుట్టకు సగం లేదు. కత్తితో కోసిన జున్నుముక్కలాగా తెల్లటి గోడ నిలిచి ఉంది. సమాధులను పుట్టించిన బండే వాటికి శత్రువైంది. పొరలుగా లేచే మంచి రాయి ఎక్కడుంటే అక్కడే గూళ్ళుంటాయి, క్వారీ కూడా అక్కడికే వస్తుంది. నిధివేటగాళ్ళు ఒక్క గూటిని పాడుచేస్తారు, క్వారీ కొండనే తీసుకుపోతుంది. గంగావతి దగ్గరి హిరేబెనకల్‌లో దాదాపు 400 కట్టడాలు మిగిలి ఉండడానికి, అవి మోటారు సులువుగా ఎక్కలేని కొండ మీద ఉండడం కూడా ఒక కారణమని నా నమ్మకం. యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఆ చోటు 2021లో ఎక్కింది, తెలంగాణలోని మన ముడుమాల నిలువురాళ్ళు 2025లో ఎక్కాయి. మల్లచంద్రం లాంటి చిన్న చోట్లకు అంత అదృష్టం పట్టాలంటే చాలా కాలం పడుతుంది.

తిరుగు ప్రయాణంలో మంచినీళ్ళ కోసం ఒక టొమాటో తోట దగ్గర ఆగాము. తోట చుట్టూ ఈ సీమలో అందరూ పాతుకునే రాతి కూసాలే, కంచెతీగ చుట్టి ఉన్నాయి. మూలన ఉన్న కూసం మాత్రం మిగతావాటికంటే వెడల్పుగా ఉండి, ఒక అంచున అర్ధచంద్రాకారంగా కోసి ఉంది. మిగతా కూసాల అంచుల్లో ఉలి గుంతలు వరుసగా కనిపిస్తుంటే దీనికి ఒక్కటీ లేదు. ఆ వంపు పొడవునా మాత్రం పొద్దున నా వేలికి తగిలిన మశూచి మచ్చలే ఉన్నాయి. ఎక్కడిదని తోట యజమానిని అడిగాము. వాళ్ళ తాత కొండ మీద నుంచి బండి కట్టి తెచ్చాడనీ, అసలు రెండు ముక్కలుండేవనీ, రెండోది బట్టలుతికే చోట పరిచారనీ చెప్పాడు. అమ్మాయి తన మోచేతిని ఆ వంపులో ఆనించి చూస్తోంది.