గాజువాకలో కూర్చుని కోల్ట్ కంపెనీని గట్టెక్కించడం – నా అనుభవం

ఎంబీఏ ప్రాజెక్టుకి నష్టాల్లో ఉన్న కంపెనీని ఎంచుకుని, దాన్ని గట్టెక్కించే ప్లాన్ రాయమన్నారు. మా బ్యాచ్‌లో చాలామంది విమానాల కంపెనీల మీద పడ్డారు. నేను అమెరికా తుపాకుల కంపెనీ కోల్ట్‌ని తీసుకున్నాను. గాజువాక ఆటోనగర్‌లో మెషిన్ షాప్ సూపర్‌వైజర్‌ని, లోహంలో రంధ్రం తొలిచి (బోరింగ్), నునుపు చేయడం (రీమింగ్) రోజూ చూసే పనే. బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం తయారీ గురించి చదివితే కనీసం బుర్రకెక్కుతుంది.

గైడ్ మేడమ్ సినాప్సిస్ చూసి, "తుపాకులవాళ్ల లెక్కలు నీకెవరిస్తారయ్యా?" అన్నారు. కానీ కోల్ట్‌లో మిలిటరీ వ్యాపారం చూసే కోల్ట్ డిఫెన్స్, బాండ్లు అమ్మిన కంపెనీ. అందుకే వార్షిక నివేదికలు అమెరికా షేర్, బాండ్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి ఇచ్చేది, అవి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ప్రాజెక్టు చేసేవాళ్లూ, ముందు లెక్కలు దొరుకుతాయో లేదో చూసుకోండి. కంపెనీ మీద మోజు ఆ తర్వాత.

2009లో బాండ్లు అమ్మి తెచ్చిన అప్పు 25 కోట్ల డాలర్లు, వడ్డీ 8.75 శాతం. అంటే ఏడాదికి దాదాపు 2.2 కోట్లు వడ్డీకే పోవాలి. 2013లో అమెరికా సైన్యం ఎం4 తుపాకుల కాంట్రాక్టు పోటీ కంపెనీ ఎఫ్‌ఎన్‌కి పోయింది. 2015 మేలో వడ్డీ వాయిదా తప్పింది, జూన్‌లో దివాలా పిటిషన్. విచిత్రం ఏమిటంటే, 1988లో ఎం16 రైఫిళ్ల కాంట్రాక్టు పోయింది కూడా ఎఫ్‌ఎన్‌కే, 1992లో దివాలా తీసింది కూడా ఈ కోల్టే!

కొత్త మోడళ్లు, కొత్త ప్రకటనలు పెట్టమని ఫ్రెండ్స్ సలహా. నేను మాత్రం పదమూడు వారాల క్యాష్ షీట్‌తో మొదలుపెట్టాను. జీతాలు, స్టీలు, కరెంటు, వడ్డీ... ఏ వారం ఏది కట్టాలో గడులు గీసి కూర్చున్నా. ఎక్కువ టైమ్ తిన్నది ఇదే. మా షాప్ అకౌంటెంట్ గారు అది చూసి, "బాబూ, స్టీలువాడికి ముందు ఇయ్యి. అప్పులవాడు ఆగుతాడు. స్టీలు ఆగితే మెషినే ఆగిపోద్ది" అన్నారు. ఆ వరస అలాగే పెట్టేశాను. బాండ్లలో కొంత భాగాన్ని షేర్లుగా మార్చాలని కూడా రాశాను.

తర్వాతిది కొనేవాళ్ల సంగతి. 2000ల మొదట్లో మిలిటరీ వ్యాపారాన్నీ, మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నీ విడదీసి, 2013లో మళ్లీ కలిపారు. నా లెక్కన అసలు దెబ్బ అక్కడే తగిలింది. పేరున్న పైథాన్ రివాల్వర్‌ని 2005లో ఆపేసి, 2020లో గానీ మళ్లీ తేలేదు. 1986 నుంచి నాలుగేళ్లు సాగిన కోల్ట్ కార్మికుల సమ్మె గురించి ఒక పేజీ రాసి వదిలేశాను.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ సూటిగా, "మనుషుల్ని చంపే సరుకు అమ్మకాలు పెంచమంటావా?" అన్నారు. టెన్షన్ వచ్చేసింది. ఇంకో అమెరికా తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెసన్ సంగతి చెప్పాను. 2000లో భద్రతా మార్పులకు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంటే, కొనేవాళ్లు బహిష్కరించారు. దాని యజమాని, బ్రిటన్ కంపెనీ టామ్‌కిన్స్ 1987లో 11 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్న ఆ కంపెనీని 2001లో 1.5 కోట్లకు అమ్ముకుంది. భద్రతా నిబంధనలు అవసరమే గానీ, చట్టం అందరికీ ఒకేలా పెట్టాలి, ఒక్క కంపెనీ నెత్తిన పెడితే అదే మునుగుతుంది అన్నాను. ఆయన ఒప్పుకున్నట్టు లేరు, కానీ పేజీ తిప్పారు.

చివరికి కోల్ట్‌ని 2021లో చెక్ కంపెనీ సీజెడ్ గ్రూప్ 22 కోట్ల డాలర్లు, కొన్ని షేర్లు ఇచ్చి కొంది. నా ప్లాన్‌లో అమ్మకం ఆఖరి దారి. దాన్ని మొదటి నుంచీ బేరంలో ఉంచాలి అన్నారు సార్. ఆ చాప్టర్ తిరగరాసి, మళ్లీ బైండింగ్ చేయించి ఇచ్చాను.